జీతం నెలనెలా, రాబడి ఎప్పుడో: ఫుట్‌బాల్ క్లబ్బుల పద్దులు

వరికోతలు ముగిసి సంక్రాంతి దాటాక ఒడిశా సరిహద్దులో గునుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో ఫుట్‌బాల్ పోటీలు మొదలవుతాయి. కోసిన మడిని చదును చేసి, వెదురు బొంగులతో గోలుపోస్టులు నిలబెట్టి, సున్నంతో గీతలు గీస్తారు. తెలుగు, ఒడియా, సవర మాటలు కలగలిపి మైకులో జట్ల పేర్లు పిలుస్తారు. గెలిచిన జట్టుకు మేకపోతు, కొంత నగదు. పోటీకి వచ్చే జట్టు వెనుక ఒక కమిటీ, ఆ కమిటీ చేతిలో ఒక చందా పుస్తకం ఉంటాయి. కిరాణా కొట్టు యజమాని, రైసుమిల్లు ఆసామి, బడి మేష్టారు, సూరత్‌కో విశాఖకో పనికి వెళ్లిన కుర్రాళ్లు ‘మా పేరున ఇంత రాసుకోండి’ అంటారు. ఆ రాతను నమ్ముకొని కమిటీ బయటి ఊళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు పేరున్న ఆటగాళ్లను పిలిపిస్తుంది. ఇలా ఆటకింత అని మాట్లాడుకొని ఆడటాన్ని బెంగాల్‌లో ‘ఖేప్’ అంటారు. బస్సు ఛార్జీ, భోజనం, రాత్రి బస అదనం. తొలి రౌండులోనే ఓడి ఇంటిముఖం పట్టినా వాళ్లకు ఒప్పుకున్నది ఇవ్వాల్సిందే. చందా రాసినవాళ్లు మాత్రం ఓడిన జట్టుకు డబ్బు తీయడానికి వెనకాడతారు. మిగిలిన బాకీ కమిటీ కార్యదర్శి మెడకు చుట్టుకుంటుంది.

వేల కోట్ల టర్నోవరున్న ఐరోపా క్లబ్బులను ముంచుతున్నదీ ఈ చిక్కే. ఆటగాడి జీతం మూడేళ్లకో నాలుగేళ్లకో కాగితం మీద ఖాయమైపోతుంది. దాన్ని చెల్లించాల్సిన రాబడి మాత్రం ఆ ఏడాది గెలుపోటముల మీద, టీవీ ఒప్పందాల మీద, ప్రాయోజకుల ఉత్సాహం మీద ఆధారపడి ఉంటుంది. ఖర్చు ఖాయంగానూ ఆదాయం అనుమానంగానూ ఉండే వ్యాపారం ఏదైనా కష్టాల్లో పడుతుంది. ఫుట్‌బాల్‌లో ఈ రెంటి మధ్య దూరం మరీ ఎక్కువ. పట్టికలో అడుగున నిలిచి కింది డివిజన్‌కు దిగజారిన క్లబ్బు టీవీ రాబడి ఒక్క సీజన్‌లో పలుచబడిపోతుంది. ఒప్పందంలో ముందే జీతం కోత షరతు రాయించుకోకపోతే జీతాల బిల్లు మాత్రం పై డివిజన్ లెక్కనే కొనసాగుతుంది.

క్లబ్బుకు డబ్బు వచ్చే దారులు స్థూలంగా నాలుగు: ఆట రోజున టిక్కెట్లు, తినుబండారాల అమ్మకం; ప్రసార హక్కుల వాటా; చొక్కా మీది పేర్లు, ప్రాయోజకులు, సరుకుల అమ్మకం; ఆటగాళ్లను వేరే క్లబ్బులకు అమ్మగా వచ్చే ట్రాన్స్‌ఫర్ సొమ్ము. వీటిలో టిక్కెట్ల రాబడి ఒక్కటే ఊరి జనం మీద నేరుగా ఆధారపడింది, అందుకే కాస్త నికరమైనది. మిగతా మూడూ ఎక్కడో దూరాన ఎవరో తీసుకునే నిర్ణయాలకు కట్టుబడినవి. ఏ క్లబ్బు పద్దును చూసినా మొత్తం ఎంత వచ్చిందన్నది కాక, అందులో నికరమైన పాలు ఎంతన్నది ముందు చూడాలి.

ఇంత ప్రమాదం తెలిసీ క్లబ్బులు జీతాలు ఎందుకు పెంచుకుంటూ పోతాయన్న ప్రశ్నకు యజమానుల ఆర్భాటం ఒక్కటే సమాధానం కాదు. ఇంగ్లండ్ లీగుల లెక్కలు పరిశీలించిన ఆర్థికవేత్తలు, జీతాల మొత్తానికీ పట్టికలో స్థానానికీ గట్టి సంబంధం ఉందని చాలాకాలంగా చెబుతున్నారు. ఒకటి రెండేళ్లు తప్పినా దీర్ఘకాలంలో ఎక్కువ జీతాలిచ్చే క్లబ్బులే పైన ఉంటాయి. 2016లో లెస్టర్ సిటీ ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ గెలవడం అందరికీ గుర్తుండిపోవడానికి కారణం అది ఈ నియమానికి మినహాయింపు కావడమే. అయితే ఇక్కడ లెక్కకు వచ్చేది మనం ఎంత ఇస్తున్నామన్నది కాదు, పక్కవాడి కంటే ఎంత ఎక్కువ ఇస్తున్నామన్నది. బరంపురం ఠాకురాణి జాతరలో ఊరేగింపు చూడటానికి ముందు వరుసవాళ్లు లేచి నిలబడితే వెనకవాళ్లంతా నిలబడక తప్పదు. కాసేపటికి ఎవరికీ అదనంగా కనిపించేదేమీ ఉండదు, అందరికీ కాళ్లనొప్పులు మాత్రం మిగులుతాయి. లీగ్‌లోని క్లబ్బులన్నీ జీతాలు పదో వంతు పెంచితే జరిగేది అదే. స్థానాలు మారవు, ఖర్చు మాత్రం శాశ్వతంగా పెరుగుతుంది. ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో క్లబ్బుల మొత్తం జీతాల బిల్లు అనేక సీజన్లలో మొత్తం ఆదాయాన్నే దాటిపోయింది. పై డివిజన్‌కు ఎక్కితే దక్కే టీవీ సొమ్ము మీద ఆశే దీనికి కారణం. ఎక్కగలిగేది ఏటా మూడు క్లబ్బులు, ఖర్చు పెట్టేది అంతకు ఎన్నో రెట్లు.

ఆటగాళ్ల జీతాలు ఎప్పుడూ ఇలా లేవని మరిచిపోకూడదు. ఇంగ్లండ్‌లో 1961 వరకూ వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్న గరిష్ఠ పరిమితి ఉండేది. స్టేడియంలో వేలాదిమంది టిక్కెట్లు కొన్నా, ఆ డబ్బు ఆడినవాడికి చేరేది కాదు. ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడ్డాక ఆ పరిమితి తొలగింది. ఫుల్హమ్ ఆటగాడు జానీ హేన్స్ వారానికి 100 పౌండ్లు అందుకున్న తొలి ఆటగాడయ్యాడు. 1992లో ప్రీమియర్ లీగ్ పుట్టి టీవీ సొమ్ము వెల్లువెత్తింది. 1995 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం బోస్మన్ కేసులో ఇచ్చిన తీర్పుతో, ఒప్పందం ముగిసిన ఆటగాడు ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండా తనకు నచ్చిన క్లబ్బుకు పోవచ్చని తేలింది. అంతవరకూ క్లబ్బుల మధ్య చేతులు మారిన డబ్బులో పెద్ద భాగం అప్పటినుంచి జీతంగా ఆటగాడి చేతికే రాసాగింది. ఇది న్యాయమే. సాధారణంగా పదిహేనేళ్లకు మించని వృత్తి జీవితంలో, మోకాలి గాయం ఎప్పుడైనా ముగింపు పలకగల పనిలో, సంపద సృష్టించేవాడికి అందులో వాటా దక్కడాన్ని తప్పుపట్టలేం. జీతం ఎక్కువ కావడం వేరు, లేని డబ్బును జీతంగా రాసివ్వడం వేరు. ఈ వ్యాసం తప్పుపడుతున్నది రెండోదాన్ని.

రాని డబ్బు మీద బతకడానికి ఇంగ్లండ్ క్లబ్బు లీడ్స్ యునైటెడ్ కథ మంచి ఉదాహరణ. ఐరోపా మేటి క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌లో ఏటా ఆడతామన్న ధీమాతో ఆ క్లబ్బు రాబోయే ఏళ్ల టిక్కెట్ల రాబడిని తాకట్టు పెట్టి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చింది. 2001లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. తరువాతి ఏడాది ఆ పోటీకి అర్హత రాలేదు. అప్పుల వాయిదాలు, జీతాలు మాత్రం ఆగలేదు. ఒక్కొక్క ఆటగాడినీ అమ్ముకుంటూ 2004లో కింది డివిజన్‌కు పడిపోయింది, సొంత మైదానాన్నీ అమ్ముకుంది, 2007లో మూడో డివిజన్‌కు చేరింది. మళ్లీ పైకి రావడానికి 2020 దాకా పట్టింది.

పోర్ట్స్‌మత్ కథలో అంతకంటే బాధ కలిగించే సంగతి ఒకటుంది. 2008లో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్ గెలిచిన ఆ క్లబ్బు 2010 ఫిబ్రవరిలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఆ స్థితికి చేరిన తొలి క్లబ్బు అదే. అప్పులు 10 కోట్ల పౌండ్లకు పైగా తేలాయి. అప్పులవాళ్ల జాబితాలో పన్నుల శాఖ, ఇతర క్లబ్బులతో పాటు, ఆట రోజున గాయపడ్డవాళ్లకు ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ అనే స్వచ్ఛంద సంస్థ పేరూ ఉంది. ఇంగ్లండ్ లీగుల్లో ఇలాంటప్పుడు ఆటగాళ్లకూ ఇతర క్లబ్బులకూ బాకీలు పూర్తిగా తీర్చాలన్న నియమం ఉంది. మిగతావారికి దక్కేది పౌండుకు కొన్ని పెన్నీలే. స్టేడియానికి తినుబండారాలు సరఫరా చేసినవాడు, కరపత్రాలు అచ్చువేసినవాడు, మైదానం ఊడ్చే మనుషులను పంపిన చిన్న కంపెనీ వరుసలో ఆఖరున నిలబడతారు. లక్షల జీతాల ఒప్పందాలు కూలినప్పుడు నెత్తిన శకలాలు పడేది వాటిలో సంతకం చేయనివాళ్లకు. క్లబ్బు ఆర్థిక స్థితి అంటే యజమానికీ స్టార్ ఆటగాడికీ మధ్య వ్యవహారమని అనుకోవడం ఇందుకే పొరపాటు. పోర్ట్స్‌మత్‌ను చివరకు 2013లో నాలుగో డివిజన్‌కు దిగజారుతున్న వేళ అభిమానుల ట్రస్టే కొనుక్కుంది.

యజమాని చెడ్డవాడైతేనే ఇలా జరుగుతుందని చెప్పడానికి స్పెయిన్ క్లబ్బు బార్సిలోనా అడ్డువస్తుంది. అక్కడ యజమాని ఎవరూ లేరు. సభ్యులే ఓటు వేసి అధ్యక్షుడిని ఎన్నుకుంటారు. 2021 ఆగస్టులో ఆ క్లబ్బు అధ్యక్షుడు లపోర్తా మొత్తం అప్పులు 135 కోట్ల యూరోలని, జీతాల ఖర్చు ఆదాయంలో 103 శాతమని ప్రకటించాడు. సగం జీతానికి ఆడటానికి జట్టు మేటి ఆటగాడు మెస్సీ ఒప్పుకున్నా స్పెయిన్ లీగ్ విధించిన జీతాల పరిమితిలో అతన్ని నమోదు చేయలేకపోయారు. మరుసటి ఏడాది ఆ క్లబ్బు లీగ్ టీవీ రాబడిలో నాలుగో వంతును 25 ఏళ్లకు ఒక పెట్టుబడి సంస్థకు అమ్ముకుంది. గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల మామిడి, జీడి రైతులకు ఈ బేరం కొత్తగా చెప్పక్కర్లేదు: పూత మీదే తోట అమ్ముకోవడం. పెళ్లో వైద్యమో ముంచుకొచ్చినప్పుడు రైతు ఒక్క ఏడాది కాపు అమ్ముకుంటాడు. ఇక్కడ అమ్మింది పాతికేళ్ల కాపు. 2047లో ఆ జట్టుకు ఆడబోయే పిల్లవాడు ఇంకా పుట్టి ఉండడు, అతని జీతానికి వెళ్లాల్సిన డబ్బులో కొంత అప్పుడే ఖర్చయిపోయింది.

లెక్కల పుస్తకంలో ఒక మెలిక కూడా ఈ ఉబ్బరానికి తోడ్పడింది. ఒక ఆటగాడిని కొన్న ట్రాన్స్‌ఫర్ ఫీజును ఒప్పందం ఎన్నేళ్లుంటే అన్నేళ్లకు పంచి రాస్తారు. పది కోట్లు పెట్టి అయిదేళ్ల ఒప్పందం చేసుకుంటే పద్దులో ఏటా రెండు కోట్లే కనిపిస్తాయి. చెల్సీ క్లబ్బు ఎనిమిదేళ్లు, అంతకు మించిన ఒప్పందాలు రాసుకోవడం మొదలుపెట్టాక, ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ 2023లో ఈ పంపకానికి అయిదేళ్ల హద్దు పెట్టింది. జీతానికి మాత్రం ఇలాంటి వెసులుబాటు లేదు. నెల తిరిగేసరికి ఖాతాలో పడాలి.

పరిమితుల విషయానికి వస్తే, యూఈఎఫ్‌ఏ 2011 ప్రాంతం నుంచి ఆదాయానికి మించి ఖర్చు చేయకూడదన్న నియమాన్ని అమలుచేసింది. 2022లో దాన్ని మార్చి, ఆటగాళ్ల, శిక్షకుల జీతాలు, ట్రాన్స్‌ఫర్ ఖర్చులు, ఏజెంట్ల రుసుములు కలిపి ఆదాయంలో మొదట 90 శాతానికి, తరువాత 80కి, 2025-26 నుంచి 70 శాతానికి మించకూడదని నిర్ణయించింది. ప్రీమియర్ లీగ్‌లో 2025-26 సీజన్ వరకూ మూడేళ్లలో నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదన్నది నియమం. ఈ నియమం మీరినందుకు 2023 నవంబరులో ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోత పడి, అప్పీలు మీద 6కు తగ్గింది. ఈ నియమాలు పెద్ద క్లబ్బులను పెద్దవిగానే ఉంచుతాయన్న విమర్శలో నిజముంది. కొండంత ఆదాయంలో 70 శాతమూ గుట్టంత ఆదాయంలో 70 శాతమూ ఒకటి కావు. జేబులోంచి తీసి చిన్న క్లబ్బును పైకి తెద్దామనుకునే యజమానికి దారి మూసుకుపోతుంది.

అంతకంటే పెద్ద లోపం మరొకటి. శిక్ష ఎప్పుడూ ఖర్చు జరిగిపోయాక వస్తుంది. మూడేళ్ల లెక్కలు తేల్చి పాయింట్లు కోసే సమయానికి డబ్బు పోయింది, ఆటగాడు వేరే క్లబ్బులో ఉన్నాడు, కోత భారం మోసేది కొత్తగా వచ్చిన జట్టు, పాత అభిమానులు. జర్మనీ పద్ధతి దీనికి భిన్నం. అక్కడ సీజన్ మొదలుకాకముందే ప్రతి క్లబ్బూ తన రాబడి, ఖర్చుల అంచనాలు లీగ్‌కు చూపించి లైసెన్సు తెచ్చుకోవాలి. సీజన్ చివరిదాకా జీతాలు చెల్లించగలదని నమ్మకం కలిగితేనే బరిలోకి దిగనిస్తారు. ఓట్లలో సగం కంటే కనీసం ఒకటి ఎక్కువ క్లబ్బు సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం దానికి తోడు. స్పెయిన్‌లో లీగ్ ముందే జీతాల హద్దు గీస్తుంది. మెస్సీ విషయంలో పనిచేసింది అదే. ఉగాదినాడు పంచాంగం చదివి ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని తెలిసినవాడు ఏడాది మొదట్లోనే చేయి బిగిస్తాడు. లైసెన్సు పద్ధతి చేసేదీ అంతే. ఆటగాడికి వాగ్దానం చేసే రోజునే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో అడుగుతుంది.

ఇక ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లకు దగ్గరి సంగతి. ఇక్కడి అభిమానికి రెండు జట్లు ఉండేవి: భాషాభిమానంతో హైదరాబాద్ ఎఫ్‌సీ, బరంపురం నుంచి రైలెక్కితే పొద్దుటికి పొద్దే వెళ్లి చూడగలిగే భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఒడిశా ఎఫ్‌సీ. ఈ రెండూ 2019లోనే ఈ ఊళ్లకు వచ్చాయి. ఢిల్లీ డైనమోస్ పేరుతో ఆడిన జట్టు మకాం మార్చి ఒడిశా ఎఫ్‌సీ అయింది. మహారాష్ట్రలో పుణె సిటీ మూతపడగా ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. హైదరాబాద్ జట్టు 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి దేశంలోని పై స్థాయి లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. ఒడిశా జట్టు 2023లో సూపర్ కప్ గెలిచింది. ఆట పరంగా రెండూ మెరిసిన జట్లే.

కప్పు గెలిచిన రెండేళ్లకే హైదరాబాద్ జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది. జీతాల బకాయిలు పేరుకుపోయాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. రెండు నెలల జీతం ఎగ్గొడితే పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఫిఫా నియమాల ప్రకారం ఆటగాడికి ఉంది. పేరున్నవాడికి మరో క్లబ్బు దొరుకుతుంది. బట్టలుతికే మనిషికి, బస్సు నడిపే డ్రైవరుకు, పిల్లల జట్టు కోచ్‌కు ఫిఫా నియమం ఏమీ చెప్పదు. 2024లో యాజమాన్యం మారింది; 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి హైదరాబాద్, అక్కడినుంచి ఢిల్లీ. తన ఊరి టిక్కెట్లు, తన ఊరి ప్రాయోజకుల మీద కాక యజమాని జేబు మీద నిలబడిన క్లబ్బును ఇలా గుడారం పీకినట్టు పీకి మరోచోట పాతుకోవచ్చు. వేళ్లుంటే అది అంత తేలిక కాదు.

మన లీగ్ కట్టడంలోనే ఈ బలహీనత ఉంది. 2010 డిసెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు వాణిజ్య హక్కులన్నీ ఒక్క భాగస్వామికి ఇచ్చింది. 2014లో సూపర్ లీగ్ పుట్టింది. జీతాలకు పరిమితి లేకపోలేదు. కొన్ని సీజన్లపాటు జట్టుకు 16.5 కోట్ల రూపాయల హద్దు ఉండేది. కానీ ఆ హద్దు అందరికీ ఒకటే, క్లబ్బు రాబడితో దానికి సంబంధం లేదు. నికరమైన రాబడి అయిదు కోట్లున్న క్లబ్బూ హద్దు లోపలే ఉండి మునిగిపోవచ్చు. ఒప్పందం గడువు 2025లో ముగియబోతుండగా కొత్తది తేలక ఆ జూలైలో లీగ్‌నే నిలిపివేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ మొదటి జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలను నిరవధికంగా ఆపుతున్నట్టు ప్రకటించింది. దేశంలో బాగా నడుస్తుందని పేరున్న క్లబ్బు అది. ఆట లేకపోతే టిక్కెట్టూ లేదు, ప్రసారమూ లేదు, ప్రాయోజకుడూ లేడు. ఖాయంగా ఉన్నది జీతం ఒక్కటే కాబట్టి కత్తి దాని మీదే పడింది. అంతకుముందు కూడా 2010లో మహీంద్రా యునైటెడ్, 2011లో జేసీటీ ఇలాగే తెరమరుగయ్యాయి. జేసీటీ తొలి జాతీయ లీగ్ విజేత. కంపెనీ లెక్కల్లో ఫుట్‌బాల్ జట్టు ప్రకటనల ఖర్చు కింద ఉన్నంతకాలం, ఆ వరుస కొట్టేయడానికి ఒక్క సమావేశం చాలు.

తెలుగునేల మీద ఇంకో పద్ధతి ఒకప్పుడు నడిచింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకూ వరుసగా అయిదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. వాళ్లు పోలీసు ఉద్యోగులు. నెల జీతం శాఖ ఖాతా నుంచి వచ్చేది. ఓడినా వచ్చేది, ఆట మానేశాకా వచ్చేది. ఆ జీతం చిన్నదే. ఇవాళ్టి ఆటగాడికి ఆ పద్ధతిని వెనక్కి తేవాలని అనలేం, ఎందుకంటే అది అతని నైపుణ్యానికి మార్కెట్లో ఉన్న విలువను ఇవ్వదు. కానీ ఆట ఫలితం ఎలా ఉన్నా ఆగని చోట నుంచి జీతం రావాలన్న సూత్రం అందులో ఉంది. క్లబ్బులకు దాన్ని అన్వయిస్తే చేయదగిన పనులు కనిపిస్తాయి: మూడు నాలుగు నెలల జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీని సీజన్ ముందే లీగ్ దగ్గర ఉంచడం; ఒప్పందాల్లో స్థిరమైన భాగాన్ని నికర రాబడి మేరకే రాసి మిగతాది గెలుపుకు, అర్హతకు ముడిపెట్టడం; దివాలా వేళ చిన్న సిబ్బంది, చిన్న సరఫరాదారుల బాకీలను ఆటగాళ్ల బాకీలతో సమానంగా చూడటం. మూడోదానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, మనసుంటే చాలు. అయినా అమలుకు వచ్చేసరికి అదే అన్నిటికంటే వెనకబడుతుంది.

ఇలాంటి భరోసా ఏదీ లేనప్పుడు దాని ప్రభావం స్టేడియం కంటే ముందు ఇంట్లో కనిపిస్తుంది. రాయగడ, గజపతి జిల్లాల్లో కాలు బాగా ఆడే కుర్రాడికి పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి రెండు దారులు ఎదురవుతాయి. ఒకటి ఏదైనా క్లబ్బులో ఏడాది ఒప్పందం. రెండోది రైల్వేలోనో పోలీసు శాఖలోనో క్రీడాకోటా ఉద్యోగానికి ఎంపిక పోటీ. ఒప్పందంలో రాసిన నెలజీతం ఉద్యోగం కంటే ఎక్కువే ఉండవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ అంకె చూడరు. ‘పర్మనెంటేనా బాబూ?’ అని అడుగుతారు. వాళ్ల ప్రశ్నకు అవునని చెప్పగల క్లబ్బు లేదు కనుక కుర్రాడు రైల్వే ఎంపికకు బయలుదేరతాడు. సెలవు దొరికిన శీతాకాలంలో కోసిన మడిలో ఆటకింత అని ఆడి, మర్నాడు డ్యూటీకి వెళ్లిపోతాడు.